పై అంతస్తుకు వదిలిన సలాకలు

రెండు వందల పన్నెండోసారి కూడా ఊరు తగలబడింది.

గుల్నాజ్ కుర్చీలో వెనక్కి వాలి, కంప్యూటర్ తెర మీద పొగ పూర్తిగా తేలిపోయేదాకా చూసింది. ఆ తర్వాత పక్కనున్న నోట్‌బుక్ తీసి ‘ఇరవై రెండో వంతు, ఓటమి’ అని రాసుకుంది. నిన్న ఇరవై మూడో వంతులో తగలబడింది, మొన్న ఇరవై ఒకటిలో. నాలుగు నెలలుగా ఆమె ఉద్యోగం ఇదే. ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి ఊరు కట్టడం, మధ్యాహ్నానికల్లా దాన్ని తగలబెట్టించుకోవడం, టీ తాగి మళ్లీ కట్టడం.

ఆ రోజుల్లో కంప్యూటర్ చదివిన ప్రతివాడూ మాదాపూర్ బస్సు ఎక్కుతుంటే, పద్నాలుగు మంది మాత్రం సికింద్రాబాద్ క్లాక్ టవర్ పక్క సందులో, ఒక చెప్పుల దుకాణం మీది రెండో అంతస్తులో కూర్చుని కంప్యూటర్ ఆటలు తయారుచేస్తున్నారు. ఆటలు తయారుచేయడం ఉద్యోగమే అని పెళ్లిచూపుల్లో నమ్మించలేక వాళ్లలో ముగ్గురు ‘సాఫ్ట్‌వేర్’ అని చెప్పి ఊరుకున్నారు. మిగిలినవాళ్లు ఇంకా నమ్మించే ప్రయత్నంలోనే ఉన్నారు.

ఇప్పుడు చేస్తున్న ఆట పేరు ‘రాజధాని’. ఇద్దరు ఆడాలి, చదరంగంలో లాగా ఒకరి తర్వాత ఒకరికి వంతు వస్తుంది. రెండో మనిషి లేకపోతే కంప్యూటరే ఎదుటి ఆటగాడవుతుంది. వంతుకు ఒక పని చేయొచ్చు. బావి తవ్వొచ్చు, గాదె కట్టొచ్చు, సంత పెట్టొచ్చు, సైన్యశాల కట్టి సిపాయిల్ని పోగు చేయొచ్చు. అయిదంతస్తుల రాజభవనాన్ని ఎవరు ముందు లేపితే వాళ్లు గెలిచినట్టు. లేదా ఎదుటివాళ్ల ఊరు తగలబెట్టినా గెలిచినట్టే. కాగితం మీద ఎంతో బాగుంది. ఆడబోతే మాత్రం ఏ కట్టడమూ చివరి రాయి పడేదాకా దేనికీ పనికిరాదు, పెద్దది కావాలంటే ఉన్నదాన్ని కూల్చి మొదట్నుంచీ కట్టుకోవాలి. అలాంటప్పుడు ఎవరికి కట్టబుద్ధవుతుంది? అందరూ మొదటి వంతులోనే సైన్యశాలకు రాళ్లు మోయించి, ఇరవయ్యో వంతుకల్లా ఎదుటివాళ్ల మీద పడుతున్నారు. రాజభవనం బొమ్మ గీసినవాడు రెండు నెలలు కూర్చుని గవాక్షాలు కూడా చెక్కాడు గానీ, ఆ భవనాన్ని ఇంతవరకు ఏ ఆటలోనూ ఎవరూ చూడలేదు.

టెస్టర్లు నింపే ఫారంలో మూడే గడులుంటాయి. ఆట ఎక్కడ ఆగింది, ఎప్పుడు ఆగింది, మళ్లీ ఆడితే మళ్లీ ఆగిందా. గుల్నాజ్ గురువారంనాడు ఆ మూడూ ఖాళీగా వదిలేసి, కింద అంచులో చిన్న అక్షరాలతో ఇలా రాసింది: ‘ఎక్కడా ఆగలేదు. కానీ ఊరు కట్టాలని ఎవరికీ అనిపించడం లేదు.’ శనివారం పొద్దున ఆ కాగితం ఆమె బల్ల మీదికి తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో ‘బగ్ కాదు’ అని, కింద సాయి సంతకం.

ఆమె ఆ కాగితం పట్టుకుని నేరుగా సాయి గదికి వెళ్లింది. సాయి విశాఖపట్నం మనిషి. ఆటకు నియమాలన్నీ రాసింది అతనే, పద్నాలుగు మందిని ఒకచోట చేర్చిందీ అతనే. నిద్ర చాలక కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి.

“సర్, దీన్ని జెర మళ్లొకసారి చూడండి. ఇది బగ్గే,” అంది గుల్నాజ్.

“గుల్నాజ్, టెస్టింగ్ అంటే తప్పు పట్టుకోవడం. ఏం కట్టాలో, ఎలా కట్టాలో చూసుకోవడం డిజైన్ వాళ్ల పని.”

“డిజైన్ వాళ్లంటే మీరొక్కరే కద సర్.”

“అవును, ఒక్కణ్నే!” అన్నాడు సాయి, గొంతు కాస్త పెంచి. తర్వాత తగ్గించాడు. “శుక్రవారం డోరా మేడమ్ వస్తున్నారు. బెంగళూరు కంపెనీ తరఫున. ఈ ఆట తీసుకోవాలో వద్దో ఆవిడ చేతుల్లోనే ఉంది. వద్దంటే మన తలుపులకి తాళమే. ఈ ఆరు రోజుల్లో కొత్త ఆలోచనలు నాకొద్దు. ఎక్కడ ఆగుతోందో అది చెప్పు, చాలు.”

గుల్నాజ్ బయటికి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఏడుపేమీ రాలేదు గానీ చెవులు మాత్రం వేడెక్కాయి. ఎవరైనా వచ్చి తన ఇల్లు చూసి బాగాలేదన్నా ఇంత కోపం వచ్చేది కాదు. రెండు వందల పన్నెండుసార్లు కట్టిన ఊరు అది. దాని గురించి మాట్లాడే హక్కు తనకు లేదనడమే ఆమెకు మింగుడుపడలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం తల్లి హనీఫా సద్ది గిన్నె చేతికిచ్చి, “మీ అబ్బాకు ఇచ్చి రాపో, పొద్దున చాయ్ మీదనే పోయిండు,” అంది. గుల్నాజ్ తండ్రి రహీం మేస్త్రీ. మల్కాజ్‌గిరిలో ఏ సందులోకి వెళ్లినా, ఈ గోడ నాదే, ఆ మెట్లు నావే అని చూపించగలిగేవాడు. ఇప్పుడు రెండు వీధుల అవతల ఒక రైల్వే ఉద్యోగి ఇంటి మీద మొదటి అంతస్తు వేస్తున్నాడు.

గుల్నాజ్ వెళ్లేసరికి ఆయన డాబా మీద గొంతుక్కూర్చుని, ఒక పిల్లర్ తలమీంచి పైకి పొడుచుకొచ్చిన ఇనుప సలాకల్ని చిన్న సుత్తితో కొడుతున్నాడు. ఆరేళ్ల కింద కింది ఇల్లు కట్టినప్పుడు పై అంతస్తు కోసం వదిలిపెట్టిన సలాకలవి. తుప్పు పట్టకుండా అప్పట్లో పూసిన సిమెంటు పాలు పెంకులు పెంకులుగా రాలిపోతుంటే లోపల ఇనుము నల్లగా, గట్టిగా కనిపిస్తోంది. ఒక్కో సలాకను చేత్తో పట్టి ఊపి చూసి, తృప్తిగా తల పంకించి, కొత్త సలాకను దాని పక్కన ఆనించి, కట్టుడు తీగతో బిగిస్తున్నాడు. మూడు మెలికలు, ఒక గుంజు. చూస్తుండగానే పొట్టి పిల్లర్ నిలువెత్తు మనిషంత అయింది.

కింది ఇంట్లో తిరగమోత చిటపటలాడింది. ఆ వెంటనే ఇంటావిడ కనకలక్ష్మి గొంతు మెట్ల మీదుగా పైకొచ్చింది. శ్రీకాకుళం నుంచి వచ్చి పదేళ్లయినా ఆవిడ మాట తీరు మారలేదు.

“మేస్త్రీగారో! మీ సిమెంటంతా నా చారులో పడతందండీ!”

“మూత పెట్టుకో అమ్మా, నాలుగు దినాలే!” అని అరిచాడు రహీం, సుత్తి ఆపకుండానే.

గుల్నాజ్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పైన పని జరుగుతోంది, కింద వంట జరుగుతోంది. ఆరేళ్లుగా కింద కాపురం ఉంది, పిల్లలు చదువుతున్నారు, ఇప్పుడు దాన్ని ఒక్క ఇటుక కూడా కూల్చకుండా ఇల్లు పైకి లేస్తోంది. తాను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే ఇది. ప్రతి డాబా మీదా ఈ సలాకలే, వాటి మధ్య బట్టలు ఆరేసిన తాళ్లే. ఎవరూ పూర్తిగా కట్టి ఇంట్లోకి దిగరు, స్లాబ్ పడగానే దిగిపోతారు. సాయి సర్ ఊళ్లో మాత్రం అయిదో అంతస్తు అయ్యేదాకా జనం చెట్ల కింద కూర్చోవాలి.

“అబ్బా, సలాకలు వదలకుండా కట్టుంటే ఇప్పుడేమయ్యేది?”

“ఏమైతది? కూల్చుడే,” అన్నాడు రహీం గిన్నె మూత తీస్తూ. “కూల్చి మళ్ల పునాది నుంచి షురూ చెయ్యాలె. అప్పుడు జెర ఎక్కువ లోతు తీసి, ఎక్కువ ఇనుము ఏసినం. గందుకే గిప్పుడు అల్కగ లేస్తున్నది. ఏందమ్మా, ఇల్లు కడ్తవా ఏంది?”

“ఊరు కడ్తున్న అబ్బా,” అంది గుల్నాజ్.

*

సోమవారం పొద్దున ఆమె లోవరాజు బల్ల దగ్గర తేలింది. లోవరాజు తుని వాడు. సాయి రాసిన నియమాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసే పని అతనిది. మనిషి నెమ్మదస్తుడు, ఎవరికీ కాదని చెప్పలేడు. అందుకే ఆఫీసులో సగం పని అతని నెత్తిమీదే పడుతుంది.

ఆమె నోట్‌బుక్‌లో ఒక ఇల్లు గీసి చూపించింది. పునాదికి ఇప్పటికన్నా రెట్టింపు రాయి, రెట్టింపు వంతులు. కానీ ఒక్క అంతస్తు పడగానే జనం కాపురానికి దిగిపోవాలి, గాదె అయితే గింజలు నింపుకోవాలి. పై అంతస్తు వేసేటప్పుడు కిందది ఆగకూడదు, కూలకూడదు, పై అంతస్తుకు సగం రాయే పట్టాలి.

“బావుందండీ,” అన్నాడు లోవరాజు గడ్డం గోక్కుంటూ. “సాయిగారికి చెప్పారా?”

“చెప్తే ఎర్ర సిరా పడ్తది. మీరు పక్కన వేరే కాపీలో పెట్టండి. బాగలేకపోతే తీసేద్దాం.”

లోవరాజు గోడ గడియారం వంకా, సాయి గది తలుపు వంకా చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. సాయంత్రానికి కొత్త ఊరు తయారైంది.

మంగళవారం దాన్ని ఆడారు. గుల్నాజ్ ఒక వైపు, లోవరాజు ఒక వైపు. గుల్నాజ్ ఎంతో ఆశతో లోతుగా పునాదులు తీయించింది. గాదెకు పునాది, సంతకు పునాది, కాపలా గుడిసెకు పునాది. పందొమ్మిదో వంతులో లోవరాజు సిపాయిలు వచ్చేసరికి ఆమె ఊళ్లో అన్నీ గుంతలే ఉన్నాయి, గోడ ఒక్కటీ లేదు. మళ్లీ ఆడారు. పద్దెనిమిదో వంతు. ఇంకోసారి ఆడితే పదిహేడు.

“ఏటండీ ఇది? పాత ఆటే నయంలాగుంది,” అన్నాడు లోవరాజు, మనసు నొప్పించకుండా చెప్పాలని చూస్తూ.

ఆమె మూడు ఓటములూ నోట్‌బుక్‌లో రాసుకుంది. తప్పెక్కడుందో ఆమెకు అందలేదు, అందకపోవడంలో వింత కూడా లేదు. మల్కాజ్‌గిరిలో పుట్టి పెరిగిన మనిషికి పైన సలాకలు లేని కట్టడం ఒకటుంటుందన్న ఊహే రాదు. ఆటలో ఉన్న ప్రతి దానికీ, చివరికి కోళ్లగూటికి కూడా, ఆమె మూడంతస్తుల పునాది రాసి పెట్టింది.

ఆ సంగతి బుధవారం పొద్దున చాయ్ దగ్గర బయటపడింది. సెంట్రింగ్ పనిచేసే యేసుదాసు స్కూటర్ తెచ్చి గుమ్మంలో నిలబెట్టి ఉన్నాడు. రహీం సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. గుల్నాజ్ తన ఊరు ఎందుకు కాలిపోతోందో, ఏయే కట్టడానికి ఎంత పునాది వేసిందో ఆయనకు వరసగా చెప్పింది. కూతురు చేసే ఉద్యోగం ఆయనకు సగమే అర్థమయ్యేది, కానీ పునాదుల లెక్క రాగానే సాసర్ కింద పెట్టి వినసాగాడు. విని, పెద్దగా నవ్వాడు.

“కోళ్లగూటికి సుత సలాకలు వదిలినవా బిడ్డా?”

“మరి వదలకపోతే?”

“అరే, వాచ్‌మెన్ ఉండే రేకుల షెడ్డుకు ఎవడన్న గుంత తీస్తడా? రెండు దినాలల్ల లేపాలె, పని అయినంక ఇప్పాలె. గోదాం వేరు, ఇల్లు వేరు. ఉండేటోడు వదుల్తడు. పొయ్యేటోడు రేకులేస్కుంటడు. అన్నిటికీ నువ్వే ఎట్ల నిర్ణయం చేస్తవ్? అడగాలె. నేను ఏ ఇంటికి పోయినా ముగ్గు పొయ్యకముందు అడిగేది ఒక్కటే మాట. పైన ఏస్తరా, ఏయరా? గది తెలువకుండ గుంతల గడ్డపార సుత పెట్ట.”

గుల్నాజ్ నోట్లోని రొట్టె నమలడం మర్చిపోయింది. అడగాలి. అంతే. ఆట ప్రతి కట్టడం దగ్గరా ఆడేవాణ్ని ఆపి అడగాలి. లోతుగా వేసుకుంటే ఆలస్యం, కానీ రేపు పైకి పోవచ్చు. పైపైన వేసుకుంటే ఇవాళే గోడ, రేపు మాత్రం కూల్చుకోవాలి. ఏది ఎక్కడ వేయాలో తేల్చుకోవడమే ఆట.

ఆమె చెప్పులేసుకుని బయల్దేరుతుంటే యేసుదాసు అడిగాడు, “ఏందన్నా, గుల్నాజ్ కంపెనీల ఏం పని చేస్తది?”

“మా బిడ్డ సుత మేస్త్రే,” అన్నాడు రహీం.

“ఇంజనీర్ అని చెప్పరాదె.”

“ఇంజనీర్లు మస్తుగున్నరు తియ్యి,” అని ఆయన స్కూటర్ వెనక ఎక్కాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మెడ కాస్త నిటారుగా ఉండటం గుల్నాజ్ చూసింది. బస్సులో నిలబడి సికింద్రాబాద్ దాకా వెళ్లినంతసేపూ ఆమె పెదవుల మీద నవ్వు ఆగలేదు, ఎవరేమనుకుంటారో కూడా పట్టించుకోలేదు.

*

గురువారం మధ్యాహ్నం లోవరాజు ధైర్యం చేసి, ఆ ప్రశ్న కూడా చేర్చిన కాపీని సాయికి చూపించాడు. ‘ఎవరు చెప్పారు’ అని సాయి కోపంగా మొదలుపెట్టి, ‘సరే చూద్దాం’ అని కంప్యూటర్‌తో ఆటకు కూర్చుని, అన్నం క్యారియర్ తెరవకుండా నాలుగున్నర దాకా లేవలేదు. తలుపు సందులోంచి గుల్నాజ్‌కు అతని వీపు మాత్రమే కనిపిస్తోంది. మొదట కుర్చీకి ఆనుకుని ఉన్న వీపు మెల్లగా ముందుకు వంగింది. ఒకసారి ‘అరె’ అన్నాడు. చాలాసేపటికి ఇంకోసారి ‘అరె’ అన్నాడు. డెబ్భై ఒకటో వంతులో తెర మీద అయిదంతస్తుల రాజభవనం లేచింది. బొమ్మ గీసినవాడు పరుగెత్తుకొచ్చి తన గవాక్షాలు చూసుకున్నాడు.

సాయి ఆమెను పిలిచి కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి.

“ఇలా కట్టాలని నీకెలా తట్టింది?”

“మా ఇంటి దగ్గర అందరూ ఇట్లనే కడ్తరు సర్.”

సాయి తెర మీది రాజభవనం వంక మళ్లీ చూశాడు. “రేపు ఇదే చూపిద్దాం,” అన్నాడు. “కానీ ఒక చిక్కుంది. మన కంప్యూటర్ ఆటగాడికి ఈ పద్ధతి తెలీదు. వాడు పాత లెక్కలతోనే ఆడతాడు. పునాది వేస్తాడు, పైన వేయడు. డోరా మేడమ్ అయిదు నిమిషాల్లో పట్టేస్తారు. వాడికి నేర్పాలంటే నెలలు కావాలి.”

“మరెట్ల సర్?”

“నువ్వు ఆడతావ్.” సాయి ఆమె కళ్లలోకి చూడకుండా బల్ల మీది పెన్ను తిప్పుతూ చెప్పాడు. “ఆవిడ సమావేశం గదిలో కూర్చుంటారు. నువ్వు పక్క గదిలో నీ కంప్యూటర్ మీద. రెండు కంప్యూటర్లనూ కలిపే వైరు ఉందిగా. మనం ఆవిడకి కంప్యూటర్ ఆడుతోందని చెప్తాం.”

గుల్నాజ్‌కు ఆ మాట లోపలికి దిగడానికి కొంచెం సమయం పట్టింది. సమావేశం గదికీ టెస్టర్ల గదికీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. దాని అవతల తన ఊరు చూపిస్తారు, తనను మాత్రం చూపించరు.

“ఇంకోటి. యాభయ్యో వంతు దగ్గర ఓడిపో. అనుమానం రాకుండా. గెలిస్తే ఎవరికైనా ఆట నచ్చుతుంది కదా,” అన్నాడు సాయి. “పద్నాలుగు మంది ఉద్యోగాలు గుల్నాజ్. ప్లీజ్.”

ఆమె సరేనని తల ఊపి బయటికొచ్చింది. ప్లీజ్ అన్న మనిషిని కాదనడం ఎలాగో ఆమెకు తెలియలేదు. ఆ సాయంత్రం ఇంట్లో తండ్రి, ‘మీ ఊరు నిలబడ్డదా బిడ్డా?’ అని అడిగితే, నిలబడింది అబ్బా అని చెప్పింది. రేపు దాన్ని చేతులారా పడగొట్టాలని మాత్రం చెప్పలేకపోయింది.

*

డోరా పదకొండింటికి వచ్చింది. నలభై దాటిన మనిషి, నూలు చీర, చేతికి పెద్ద గడియారం. బొల్లారంలో పుట్టి పెరిగిందట, మెట్లు ఎక్కుతూనే, “క్లాక్ టవర్ దగ్గర పార్కింగ్ మాత్రం చేంజ్ కాలేదు, అదే తక్లీఫ్,” అని విసుక్కుంది. ఆ గొంతు ప్లైవుడ్ చెక్క అవతలి నుంచి గుల్నాజ్‌కు స్పష్టంగా వినిపించింది. ఆమె పక్కన లోవరాజు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.

“ఆపోజిట్ సైడ్ ఎవరు?” అని డోరా అడిగింది.

“కంప్యూటర్ మేడమ్,” అన్నాడు సాయి.

ఆట మొదలైంది. డోరా చెయ్యి తిరిగిన మనిషే. కొత్త ఆట ఎక్కడ బెడిసికొడుతుందో చూడటానికి వచ్చింది కాబట్టి, రెండో వంతులోనే సైన్యశాల మొదలుపెట్టింది. తెర మీద ‘పైన వేస్తారా, వేయరా?’ అని ప్రశ్న రాగానే అవతలి గదిలో చిన్న నవ్వు వినిపించింది. “వేయను,” అంది డోరా పైకే. పైపై పునాది మీద సైన్యశాల గబగబా లేచిపోయింది.

గుల్నాజ్ మౌస్ పట్టుకుంది. నాలుగు నెలల అలవాటుతో చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. ఊరి పొలిమేరలో మూడు రేకుల షెడ్లు, వాటి చుట్టూ మట్టిగోడ, అన్నీ పైపైన. లోపల బావి దగ్గర గాదెకు మాత్రం లోతుగా తవ్వించింది. ఇరవై ఒకటో వంతులో డోరా సిపాయిలు వచ్చి షెడ్లు తగలబెట్టారు. ఒక్కో షెడ్డు ఒక్కో వంతు తినేసింది. వాళ్లు మట్టిగోడ దాటేసరికి గాదె కింది అంతస్తులో గింజలు నిండి, పైన కాపలా అంతస్తు లేచి, అందులోంచి బాణాలు కురిశాయి. ఇరవై ఆరో వంతుకు ఆ దండులో తిరిగి వెళ్లడానికి ఒక్కడూ మిగలలేదు.

“ఓహో,” అంది అవతల డోరా. కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినపడింది.

తర్వాత ప్రశ్న వచ్చినప్పుడల్లా ‘వేస్తాను’ అంటోంది. ఆవిడ కూడా కట్టడం మొదలుపెట్టింది. నలభయ్యో వంతుకు తెర మీద రెండు ఊళ్లున్నాయి, రెండింట్లోనూ సంతలున్నాయి, డాబాల మీద పై అంతస్తుకు వదిలిన సలాకలున్నాయి. నాలుగు నెలల్లో ఆ తెర మీద అంత పెద్ద ఊళ్లు గుల్నాజ్ చూడలేదు. తన వంతు వచ్చినా ముందు ఆ డాబాలన్నిటినీ ఒకసారి చూసుకుని అప్పుడు మౌస్ కదిపింది.

నలభై ఎనిమిదో వంతులో సాయి నీళ్లకని వచ్చినట్టు ఈ గదిలోకి వచ్చాడు. ఆమె కుర్చీ వెనక వంగి, “ఇక చాలు. ఊరి గోడ తలుపు తీసెయ్, ఆవిడ సిపాయిల్ని లోపలికి రానీ,” అని గుసగుసలాడాడు.

గుల్నాజ్ తెర మీంచి కళ్లు తిప్పలేదు. “సర్, తీస్తే రూల్స్ తప్పని అనుకుంటది. ఇంత మంచిగ కట్టినంక తలుపెవరు తీస్తరు సర్?”

“గుల్నాజ్!”

“నాకు చాతకాదు సర్,” అంది ఆమె. ఆ గొంతులో గట్టితనం విని ఆమే ఆశ్చర్యపోయింది. లోవరాజు నేల చూపులు చూస్తున్నాడు. సాయి ఒక్క క్షణం నిలబడి, నీళ్ల గ్లాసు అక్కడే మర్చిపోయి వెళ్లిపోయాడు.

యాభయ్యో వంతు దాటింది. అరవయ్యో వంతు దాటింది. డోరా నాలుగో అంతస్తులో ఉంది, గుల్నాజ్ కూడా నాలుగో అంతస్తులోనే ఉంది. అరవై నాలుగో వంతులో గుల్నాజ్ అయిదో స్లాబ్ వేసింది. తెర మీద జెండా ఎగిరింది. అవతలి గదిలో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

తర్వాత డోరా గొంతు వినిపించింది. “సాయీ, నేను ఈ ఫీల్డ్‌లోకి వచ్చి పన్నెండేళ్లు. ఓడిపోయి ఇంత హ్యాపీగా ఎప్పుడూ లేను. రూల్స్ బాగున్నాయి, ఊరు బాగుంది. కానీ అసలు గొప్ప ఆ కంప్యూటర్‌ది. షెడ్లు ఎర వేసి లోపల గాదె కట్టుకుంది చూడు! బెంగళూరులో మావాళ్లు రెండేళ్లుగా తలలు పట్టుకుంటున్నారు, ఇలాంటి ఆటగాణ్ని తయారుచేయలేక. ఆట తీసుకుంటాను. ఆ కంప్యూటర్ని కూడా తీసుకుంటాను, మా మిగతా ఆటలక్కూడా. ఎవరు రాశారు దాన్ని?”

సాయి దగ్గాడు. “అది... మేడమ్, మా టీమ్...” మాట ముందుకు సాగలేదు. లేనిదాన్ని అమ్మలేడు. లేదంటే చెప్పింది అబద్ధమవుతుంది.

లోవరాజు గుల్నాజ్ వంక భయంగా చూశాడు. ఆమె లేచి నిలబడింది. దుపట్టా సర్దుకుంది. అయిదడుగులు నడిచి సమావేశం గది తలుపు తోసింది.

“ఆ కంప్యూటర్ నేనే మేడమ్,” అంది.

డోరా ఆమె వంకా, తలుపు వెనక కనిపిస్తున్న వైరు వంకా, సాయి వంకా చూసింది. ముఖంలో నవ్వు పోయింది. “సాయీ, కంప్యూటర్ అన్నావు కదా.”

“అన్నాను మేడమ్.” సాయి ముఖం కందిపోయింది. రెండు క్షణాలు గోడ వంక చూసి, ఏదో బరువు దించుకున్నట్టు భుజాలు వదిలేశాడు. “అబద్ధం నాది. ఆట ఆమెది. ఆడటం ఒక్కటే కాదు మేడమ్, మీకు నచ్చిన రూల్స్ కూడా ఆమెవే. నేను వద్దన్నాను. ఎర్ర సిరాతో రాసి మరీ వద్దన్నాను. ఆమె పేరు గుల్నాజ్.”

తన పేరు ఆ గదిలో అంత గట్టిగా వినబడుతుందని గుల్నాజ్ అనుకోలేదు.

“అబద్ధం సంగతి నీతో వేరే మాట్లాడతాను. అది చిన్న విషయం కాదు,” అంది డోరా. తర్వాత కుర్చీ తిప్పుకుని గుల్నాజ్‌ను ఎగాదిగా చూసింది. “ఇలాంటి షోలు నేను చాలా చూశాను. వచ్చిన గెస్ట్‌ను గెలిపించి పంపమంటారు. నీకు ఓడిపొమ్మని చెప్పలేదా?”

“చెప్పిండ్రు మేడమ్.”

“మరెందుకు ఓడిపోలేదు?”

“పునాది నుంచి నేను కట్టిన ఊరు మేడమ్,” అంది గుల్నాజ్. “నా చేతులతోని ఎట్ల కూలగొట్టుకుంట?”

డోరా తెర మీది జెండా వంక ఒకసారి చూసింది. తర్వాత చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. “నిజమైన కంప్యూటర్‌కు ఇలా ఆడటం నేర్పడానికి ఆరు నెలలు ఇస్తాను. నేర్పేది నువ్వు. కాంట్రాక్ట్‌లో నీ పేరు ఉంటేనే నా సైన్ పడుతుంది. ఇప్పుడు ఇంకో ఆట ఆడదాం. కానీ ఆ పక్క గదిలోంచి కాదు, నా ఎదురుగా కూర్చో.”

సాయి తాను కూర్చున్న కుర్చీలోంచి లేచాడు. గుల్నాజ్ వచ్చి అందులో కూర్చుని కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. లోవరాజు పరుగున వచ్చి వైరు ఈ గదిలోకి లాగాడు. తెర మీద ఒక్క రాయి కూడా లేని ఖాళీ నేల పరుచుకుంది.

“ఎవరు ముందు?” అని అడిగింది డోరా.

“మీరే షురూ చేయండి మేడమ్,” అంది గుల్నాజ్.